రోజూ సైకిలే

జూన్ 9, సోమవారం

మా ఆయన కేదార్‌కి జనవరిలో ఎవరో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద పడి ఉంది. డైరీలు రాసుకునే మనిషిని కాదు నేను. నెలకో కాలమ్ రాయడానికే నా తల ప్రాణం తోకకొస్తుంది. కానీ ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటి ఉంది. ఎక్కడో ఒకచోట పెట్టకపోతే ఏ మీటింగ్‌లోనో నోరు జారేలా ఉన్నాను.

ఇవాళ పంజాగుట్ట ఆఫీసులో ఆగస్టు సంచిక గురించి కూర్చున్నాం. చలపతిరావు గారు బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'రోజూ సైకిల్ తొక్కే మనుషులు' అని రాశారు. పదకొండేళ్ళుగా 'సైకిల్ బాట' పత్రిక నడుపుతున్న ఎడిటర్ గారికి ఈ ఆలోచన రావడం ఇదే మొదటిసారి. పందేలు వద్దట, కొండలెక్కడాలు వద్దట. పనికీ బడికీ బజారుకీ సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు కావాలట.

"అమ్మా సుమశ్రీ, ఈ సంచిక నీదే. మన ఆఫీసుకి రోజూ సైకిల్ మీద వచ్చేది నువ్వొక్కదానివే కదా," అన్నారు.

అందరూ నావైపు చూశారు. నేను ఒళ్ళో ఉన్న హెల్మెట్ వైపు చూశాను.

సంగతి ఇదీ. కిందటి అక్టోబర్ పదిహేడు నుంచి నేను సైకిల్ ఎక్కలేదు. ఆ రోజు పంజాగుట్టలో ఆగి ఉన్న ఒక కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. ఆఫీసులో మెట్ల మీద జారానని చెప్పాను. ఆ నెల కాలమ్ మంచం మీదే రాశాను, పాత ప్రయాణాలేవో తలుచుకుని. మరుసటి నెలా అంతే. కాలమ్ పేరు 'రోజూ సైకిలే'. ఎనిమిది నెలలు, ఎనిమిది కాలమ్‌లు. నేను మాత్రం ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగుతున్నాను. దిగాక స్టేషన్ మెట్ల దగ్గర హెల్మెట్ పెట్టుకుని ఆఫీసుకు నడుస్తాను.

దీన్ని అబద్ధం అనడం ఎక్కువే. అంతకు ముందు ఆరేళ్ళు నిజంగా తొక్కినదాన్నే కదా. మధ్యలో చిన్న విరామం, అంతే.

రేపటి నుంచి తొక్కుతాను.

జూన్ 10, మంగళవారం

మబ్బు పట్టింది. మెట్రోలో వెళ్ళాను. వాన పడలేదు.

జూన్ 12, గురువారం

మన సంచికలూ బయటి దేశాల పత్రికలూ ముందేసుకుని రోజంతా తిరగేశాను.

బయటి పత్రికల్లో రోజువారీ సైకిల్ అంటే ఒకటే బొమ్మ. తెల్లటి వీధి, బుట్టలో పొడుగాటి రొట్టె, పక్కన పూలు, గాలికి జుట్టు ఎగురుతున్న అమ్మాయి. ఆ అమ్మాయికి చెమట పట్టదు. ఆమె పక్కనుంచి బస్సు వెళ్ళదు. మన సంచికల్లో రొట్టె ఒక్కటే తక్కువ. గండిపేట రోడ్డు, సూర్యోదయం, ఒంటికి అతుక్కున్న బట్టలు, నల్లకళ్ళద్దాలు. మూడేళ్ళ సంచికలు చూస్తే టిఫిన్ డబ్బా వేలాడుతున్న సైకిల్ ఒక్కటి కనబడలేదు. వెనక క్యారేజీ మీద మనిషిని ఎక్కించుకున్న సైకిలూ లేదు. మా పత్రికలో సైకిల్ తొక్కేవాళ్ళెవరికీ వెళ్ళాల్సిన చోటంటూ ఉండదు. ఊరికే బయల్దేరి ఎక్కడో కాఫీ తాగి తిరిగొస్తారు.

ఎవరూ చూడరు కాబట్టి ఇంకో మాట రాసుకోవాలి. ఆ ఫొటోల కింద మాటల్లో సగం నేను రాసినవే. ఫిబ్రవరి కాలమ్ తీసి చదివాను. "పొద్దున ఆరింటికి మైత్రీవనం దగ్గర చల్లని గాలి మొహానికి తగులుతుంటే నగరమంతా నాదే అనిపిస్తుంది." ఆ గాలి మెట్రో ఏసీది.

జూన్ 16, సోమవారం

ఫొటోగ్రాఫర్ రాఘవేందర్ పొద్దున్నే ఫోన్ చేశాడు. "అక్కా, దొరికింది! మైత్రీవనం ఎనక గల్లీల ఆడపిల్లల హాస్టల్ ఉన్నది గద, ఆడ వంట జేస్తది. చిలకమ్మ. పదమూడేండ్ల సంది సైకిలే. మస్తు ఫొటో వస్తది!"

వెళ్ళాం. నలభై ఎనిమిదేళ్ళుంటాయేమో, సన్నగా గట్టిగా ఉంది. కొంగు నడుముకు చుట్టి పిన్నీసు పెట్టుకుంది. నీలం రంగు లేడీస్ సైకిల్, ముందు ఇనప బుట్ట, వెనక క్యారేజీ మీద పాత ట్యూబుతో బిగించి కట్టిన గోనెసంచి. చీర చక్రంలో పడకుండా వెనక శారీగార్డు. రోజూ తెల్లవారకముందే బోరబండలో బయల్దేరి, ఎర్రగడ్డ రైతు బజార్‌లో కూరగాయలు తీసుకుని, యాభై మంది పిల్లలకు వండటానికి వస్తుందట.

"నువ్వేనా మేడం, సైకిల్ బుక్కుల రాసేది? మా దివ్యశ్రీ సదివి ఇనిపిస్తది," అంది. దివ్యశ్రీ అంటే హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న పిల్లట. నాకు ముందు సంతోషమే వేసింది.

"మైత్రీవనం కాడ సల్లగాలి తాకుతదని రాసినవంట. ఆరింటికి నేను గాడనే ఉంట. బస్సుల పొగకు నాకైతే ఊపిరాడదు."

రాఘవేందర్ పకపకా నవ్వాడు.

"అవు గని, నువ్వు సుత గదే తొవ్వల గద పోయేది? నిన్నెప్పుడు చూడలే."

"నేను కొంచెం ముందే వెళ్ళిపోతానండీ, చిలకమ్మ గారూ."

"ఆరింటి కంటె ముందుగాలనా? గప్పుడే తీస్తరా మీ ఆఫీసు?"

హెల్మెట్ పట్టీ సరిచేసుకున్నాను. ఇంతలో 'గారూ' అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. "చిలకమ్మ గారట! ఇనుండ్రి," అని లోపలున్న పిల్లలకు కేకేసి నవ్వింది. అలా బయటపడ్డాను.

రేపు తప్పదు. అలారం ఐదింటికి పెట్టాను.

జూన్ 17, మంగళవారం

అలారం మోగింది. కేదార్ లేచి ఆపాడు. నేను నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

జూన్ 19, గురువారం

అసలు అడ్డం టైర్లు. ఎనిమిది నెలలు సెల్లార్‌లో దుప్పటి కింద నిలబడ్డ సైకిల్‌కి గాలి ఎందుకుంటుంది? నేలకి అంటుకుపోయి ఉంటాయి. ముందు గాలి కొట్టించాలి. పంపు ఎక్కడ పెట్టామో. వీలు చూసుకుని వెతకాలి.

జూన్ 22, ఆదివారం

చిలకమ్మ ఫొటోలు. అమీర్‌పేటలో గోడలన్నీ కోచింగ్ పోస్టర్లే, అక్కడ కవర్ ఫొటో ఏం బాగుంటుందని చలపతిరావు గారు ఖైరతాబాద్ వైపు చెరువు ఒడ్డున తీయమన్నారు. ఆదివారం హాస్టల్లో టిఫిన్ ఆలస్యం కాబట్టి ఆమెకు కుదిరింది. సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాం.

"గీడికి నేనెప్పుడు సైకిల్ మీద రాలే," అంది చుట్టూ చూస్తూ. "నాకు గీడేం పని?"

సైకిల్ ఫొటోకి మా దగ్గర పద్ధతి ఉంది. గొలుసున్న వైపు కెమెరాకి ఉండాలి. పెడల్ నేలకి సమాంతరంగా రావాలి. స్టాండ్ కనబడకూడదు. సంచులూ బుట్టలూ ఉండకూడదు. కంపెనీ సైకిళ్ళకి ఇదంతా రెండు నిమిషాల పని. చిలకమ్మ సైకిల్‌కి గంట పట్టింది. బుట్ట విప్పాం. ట్యూబు, గోనెసంచి పక్కన పెట్టాం. స్టాండ్ తీసి, సైకిల్ పడిపోకుండా వెనక సన్నటి కర్ర ఆనించాం. కంప్యూటర్‌లో చెరిపేయొచ్చని.

శారీగార్డు తీయమన్నది నేనే. "చక్రం ఊచల సందుల్లోంచి కనబడుతోంది రాఘవేందర్," అన్నాను. తుప్పు పట్టిన బోల్టు రాలేదు. స్పానర్ నేనే అందుకుని తిప్పాను. ఊడి గడ్డిలో ఎక్కడో పడింది.

కంపెనీ వాళ్ళు ప్రకటన కోసం పంపిన కొత్త హెల్మెట్ ఒకటి చిలకమ్మకి పెట్టాం. "మరి కొప్పేడ పెట్టుకోవాలె?" అని అడిగింది. కొప్పు విప్పించి జడ వేయించాం. ఫొటోలయ్యాక హెల్మెట్ తిరిగి పెట్టెలో పెట్టేశాం, శాంపిల్ కదా.

అన్నీ బిగించాం, శారీగార్డు తప్ప. బోల్టు దొరకలేదు. "రేపు కొత్త బోల్టుతో పంపిస్తానండీ," అని గార్డుని నా బ్యాగులో వేసుకున్నాను. ఆమె సరేనంది.

ఫొటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి.

జూన్ 23, సోమవారం

శారీగార్డు పంపాలి.

జూన్ 24, మంగళవారం

రాఘవేందర్ హాస్టల్‌కి వెళ్ళి ఫోన్‌లో ఫొటోలు చూపించాడట. నవ్వుతూ చెప్పాడు. "గీమె నేనే గని, గీ సైకిలెవరిది అని అడిగిందక్కా!"

నేనూ నవ్వాను. అతని చేతికైనా ఇచ్చి పంపాల్సింది శారీగార్డు. గుర్తు రాలేదు.

జూన్ 25, బుధవారం

బోల్టు దొరకలేదు. నిజానికి ఎక్కడా అడగలేదు. వీధికో వర్క్‌షాపు ఉన్న సనత్‌నగర్‌లో ఉంటూ బోల్టు దొరకలేదనడానికి కాస్త సిగ్గుండాలి.

జూన్ 26, గురువారం

మెట్రోలో హెల్మెట్‌కి ఇప్పుడు శారీగార్డు తోడయింది. బ్యాగు స్కానింగ్‌లో పెడితే సెక్యూరిటీ ఆమె ఆపి, "ఇదేంటి మేడం?" అంది. సైకిల్ సామానన్నాను. రోజూ నా చేతిలో హెల్మెట్ చూసే మనిషి. "ఇంతకీ మీ సైకిల్ ఎక్కడుంది మేడం?" అని అడిగింది.

రేపు వెళ్ళి ఇచ్చేస్తాను. హాస్టల్ అంటే పెద్ద దూరమా?

జూన్ 27, శుక్రవారం

చిలకమ్మ పడిపోయింది.

పొద్దున ఎస్.ఆర్. నగర్ మలుపులో కొంగు జారి వెనక చక్రంలో చుట్టుకుంది. ఎడమచేతి మణికట్టు ఎముక చిట్లింది. నాలుగు వారాలు కట్టు. వెనక చక్రం వంగిపోయింది. రాఘవేందర్ ఫోన్‌లో చెబుతుంటే నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నాను, తల మీద హెల్మెట్, భుజాన బ్యాగు, బ్యాగులో శారీగార్డు.

ఇవ్వాల్సిన హెల్మెట్ వెనక్కి తీసుకున్నాం, తీయకూడని గార్డు తీశాం. మేం కాదు. నేను.

జూన్ 28, శనివారం

బోరబండ వెళ్ళాను. చిన్న గది, గోడకి మేకులు, మేకులకి సంచులు. చిలకమ్మ నన్ను చూసి లేవబోయింది. లేవనివ్వలేదు. శారీగార్డు బయటికి తీసి నేల మీద పెట్టాను. దాని మీద నా కన్నీళ్ళు పడుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"చాయ్ తాగు మేడం," అంది. పక్కింటామె పెట్టి తెచ్చింది. రెండు గుటకలయ్యాక అడిగింది. "నీ చున్నీ చక్రంల పడకుంట నువ్వెట్ల జేస్తవు? నాక్కొంచెం చెప్పు."

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. ఆరేళ్ళ కిందటి జవాబు, కాలమ్‌లో కూడా రాశాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నేను సైకిల్ తొక్కడం లేదండీ. అక్టోబర్‌లో పడ్డాను. అప్పట్నుంచీ ఎక్కలేదు."

"మరి గా టోపీ?"

"మెట్రోలో తెచ్చుకుంటాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టేసింది.

"మా దివ్యశ్రీ నీ రాత సదివి ఊర్లకెంచి సైకిల్ తెప్పిచ్చుకున్నది. మొన్న పక్కకెంచి బస్సు పోతే చేతులు గజగజ వణికినయంట. ఇగ ఏడ్సుడు. 'సుమశ్రీ మేడం ఆరేండ్ల సంది తొక్కుతున్నది, ఒక్కనాడు భయమని రాయలే, నేనే పిరికిదాన్ని' అని. గా పోరికి నేనేం చెప్పాలె?"

ఒకరిద్దరు పాఠకులు నమ్మితే నమ్మారు, ఎవరికేం నష్టమని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఒక పిల్ల తనొక్కతే భయపడుతోందనుకుని ఏడ్చిందట. ఆ భయం నాది. నేను దాచుకుంటే ఆ పిల్ల నెత్తిన పడింది.

"నాకు సుత భయమైతది," అంది చిలకమ్మ. "రోజు అయితది. పదమూడేండ్లాయె. భయంతోనే పోత." కట్టు వేసిన చేతిని ఒళ్ళో సర్దుకుంది. "చెయ్యి పోయింది గని నోరున్నది. పిల్లలను కూసోబెట్టి ఎట్ల వండాలో చెప్త. బస్సుల పోత హాస్టల్‌కు. కూరగాయలే పరేషాన్. ఆరింటికల్ల తేవాలె. నీకు సైకిలున్నది గద. నువ్వు తే."

"నేనా?"

"మరి గార్డు తీసిందెవరు?"

జూన్ 29, ఆదివారం

సెల్లార్‌లోకి దిగాను. దుప్పటి తీశాను. టైర్లు నేలకి అంటుకుపోయి ఉంటాయని వంగి బొటనవేలితో నొక్కాను. రాయిలా ఉన్నాయి. రెండోది నొక్కాను. అదీ అంతే. గొలుసు మీద వేలు పెడితే తాజా నూనె అంటుకుంది.

వెనక కేదార్ నిలబడి ఉన్నాడు.

"ఎవరు కొట్టారు గాలి?"

"ఆదివారం స్కూటర్‌కి కొట్టేటప్పుడు దీనికీ కొడుతుంటాను," అన్నాడు. "గాలి లేకుండా నిలబెడితే టైర్లు పాడైపోతాయి కదా."

"ఎనిమిది నెలలుగానా?"

"మొదట్లో వచ్చే వారం తొక్కుతావేమో అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది."

ముప్పైకి పైగా ఆదివారాలు. ఒక్కసారి అడగలేదు ఈ మనిషి. హెల్మెట్ పట్టుకుని మెట్రోకి వెళ్ళే భార్యని గుమ్మంలో నిలబడి రోజూ సాగనంపాడు. గట్టిగా ఏడవాలనిపించింది. ఏడ్చాను కూడా, అక్కడే, అందరి స్కూటర్ల మధ్య. "ఏంటి సుమా, గాలి కొట్టినందుకా?" అన్నాడు.

ఇద్దరం కలిసి సనత్‌నగర్‌లో హనుమాండ్లు వర్క్‌షాపుకి వెళ్ళాం. నా సైకిల్ కంపెనీది, పత్రికలో ఫొటోకి పనికొచ్చేది. దానికి స్టాండ్ లేదు, క్యారేజీ లేదు. హనుమాండ్లు చుట్టూ తిరిగి చూశాడు. "గింత మంచి బండిని స్టాండ్ లేకుంట అమ్ముతరా? ఆపాలంటె గోడ సుత ఎంబడి తీస్కపోవాల్నా?" క్యారేజీ వెల్డింగ్ చేశాడు. స్టాండ్ బిగించాడు. ముందు బుట్ట పెట్టాడు. చిలకమ్మ సైకిల్ తెప్పించుకుని వంగిన చక్రం సరిచేయడానికీ ఒప్పుకున్నాడు. నిన్న మళ్ళీ నా వెంట తెచ్చుకున్న శారీగార్డు అతని చేతిలో పెట్టి, కొత్త బోల్టు వేయమన్నాను. ఇత్తడిది వేస్తానన్నాడు, తుప్పు పట్టదట.

ఇంటికొచ్చి చూస్తే నా సైకిల్ ఏ సంచికకీ పనికిరాదు. భలే ఉంది.

జూన్ 30, సోమవారం

తొక్కాను.

అందంగా ఏం తొక్కలేదు. ఐదున్నరకి రైతు బజార్, ఆరు కిలోల టమాటాలు, నాలుగు కిలోల వంకాయలు, కొత్తిమీర. బరువుకి హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంది. ఆగి ఉన్న ప్రతి కారులో మనిషి తల ఉందా అని చూశాను. ఎస్.ఆర్. నగర్ దాటాక ఒక కారు తలుపు నిజంగానే తెరుచుకుంది, నాకు చాలా దూరంలో. దిగిపోయాను. అక్కణ్ణుంచి మైత్రీవనం దాకా నడిపించుకుంటూ వెళ్ళాను. గడ్డం కింద కుట్ల దగ్గర చురుక్కుమంది, ఎప్పుడో మానిన గాయం.

హాస్టల్‌కి చేరేసరికి ఆరుంపావు. చిలకమ్మ సంచి విప్పి తల కొట్టుకుంది. "టమాటలు కిందేసి వంకాయలు మీదేసినవా? ఆరేండ్లు ఏం తొక్కినవమ్మా?"

"సంచి ఎప్పుడూ కట్టలేదండీ."

"మరి ఉత్తగనే తిరిగినవా?"

అవునన్నాను.

ఆ పూట పిల్లలందరికీ టమాటా పచ్చడి.

జూలై 1, మంగళవారం

టమాటాలు పైన. ఒక్కటీ చితకలేదు. ఒక్కసారే దిగాను.

జూలై 3, గురువారం

వాన. నిలువునా తడిశాను. ఎనిమిది కాలమ్‌లలో నేనొక్కసారి కూడా తడవలేదని గుర్తొచ్చింది. మైత్రీవనం దగ్గర బురదనీళ్ళు మొహాన చిమ్మిన బస్సుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎంత హాయిగా ఉందో.

జూలై 5, శనివారం

దివ్యశ్రీ వంటింట్లోకొచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, చేతిలో నా జూన్ కాలమ్. సంతకం పెట్టమంది. పెట్టలేదు. నిజం చెప్పాను, అంతా. మెట్రో, హెల్మెట్, ఏసీ గాలి.

కోపం వస్తుందనుకున్నాను. కొంచెం వచ్చింది కూడా, మొహం ఎర్రబడింది. తర్వాత మెల్లగా అడిగింది. "అయితే మేడం, మీకు సుత వణుకుతయా చేతులు?"

చేతులు చాపి చూపించాను. అప్పుడే దిగాను కాబట్టి ఇంకా వణుకుతున్నాయి. తన చేతులు పక్కన పెట్టి చూసుకుంది. ఇద్దరం నవ్వాం. సోమవారం నుంచి ఎస్.ఆర్. నగర్ దాకా సైకిల్ నడిపించుకుంటూ వచ్చి, అక్కణ్ణుంచి హాస్టల్ దాకా నా వెనక తొక్కుతానంది.

జూలై 8, మంగళవారం

కాలమ్ రాశాను. మొదటి వాక్యం: "ఎనిమిది నెలలుగా ఈ పేజీలో మీకు అబద్ధం చెబుతున్నాను." మిగతాది దానంతట అదే వచ్చింది. తలుపు, కుట్లు, మెట్రో, స్పానర్, చిలకమ్మ చెయ్యి. కేదార్ టైర్ల సంగతి మాత్రం రాయలేదు. అది నా ఒక్కదానిదే.

రేపు ఎడిటర్ గారికి ఇవ్వాలి. ఉద్యోగం పోతే పోతుంది. పోకూడదని దండం పెట్టుకుంటున్నాను.

జూలై 10, గురువారం

చలపతిరావు గారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నిన్ను చూసే ఈ సంచిక పెట్టాను, సుమశ్రీ."

"తెలుసండీ."

"ఇది వేస్తే పాఠకులు ఏమంటారు? ప్రకటన ఇచ్చే హెల్మెట్ వాళ్ళేమంటారు?"

"హెల్మెట్ మంచిదేనండీ. నేను రోజూ పెట్టుకుంటున్నాను, ఇప్పుడు సైకిల్ మీద కూడా. చిలకమ్మకి పెట్టి ఫొటో తీసి వెనక్కి లాక్కున్నాం, అదే తప్పు."

కిటికీ లోంచి ఫ్లైఓవర్ వైపు చూశారు. తిడతారనుకున్నాను.

"నేను చివరిసారి సైకిల్ ఎప్పుడు ఎక్కానో తెలుసా?" అన్నారు. "మన మొదటి సంచిక కవర్ ఫొటోకి. పదకొండేళ్ళయింది. అది కూడా స్టాండ్ మీద నిలబెట్టి ఉన్న సైకిల్. కదల్లేదు." ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. తలుపు దాకా వచ్చాక మాత్రం ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

కాలమ్ వేస్తారట. కవర్ ఫొటో మళ్ళీ తీద్దామన్నాను, హాస్టల్ గల్లీలో, అన్నీ ఉంచి. "కవర్ మీద వంకాయలా?" అన్నారు. ఆలోచిస్తానన్నారు.

జూలై 11, శుక్రవారం

పొద్దున్నే మెసేజ్ పెట్టారు. వంకాయలు ఉండనిమ్మన్నారు. కోచింగ్ పోస్టర్లు మాత్రం కాస్త తక్కువ కనబడేలా చూడమన్నారు.

జూలై 13, ఆదివారం

ఫొటో తీశాం. హనుమాండ్లు బాగుచేసిచ్చిన నీలం సైకిల్, స్టాండ్ మీద. బుట్ట, ట్యూబు, గోనెసంచి, శారీగార్డు, కొత్త ఇత్తడి బోల్టు. శారీగార్డు కనబడాలంటే గొలుసు అవతలి వైపుకి పోవాలి. రాఘవేందర్ కెమెరా దించి, "అక్కా, రాంగ్ సైడ్ గద?" అన్నాడు. కానిమ్మన్నాను. కట్టు చేత్తోనే సంచి మీద టమాటాలు సర్దుతోంది చిలకమ్మ. కొప్పు కొప్పులాగే ఉంది. పోస్టర్లు ఎంత తప్పించినా ఒకటి కనబడింది.

కంపెనీ హెల్మెట్ ఎడిటర్ గారిని అడిగి తెచ్చి ఆమెకే ఇచ్చేశాను. కొప్పు కిందికి దించి కట్టుకుంటే పడుతోంది. తనే కనిపెట్టింది.

జూలై 25, శుక్రవారం

చిలకమ్మ కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది గానీ వేళ్ళు ఆడుతున్నాయి. నెమ్మదిగా తొక్కొచ్చన్నారట.

"వచ్చే శుక్రారం సంది నేనే తెచ్చుకుంట. ఇగ నువ్వు జర పండుకో బిడ్డా, నీ పని అయిపోయింది," అంది. మొదటిసారి బిడ్డా అంది. సంతోషపడాలి కదా. ఇంటికొచ్చి ఖాళీ గోనెసంచి మడతపెడుతుంటే దిగులేసింది.

జూలై 31, గురువారం

ఆఖరి కూరగాయలు. బెండకాయలు, దోసకాయలు. మైత్రీవనం దాకా ఒక్కసారీ దిగలేదు. భయం తగ్గలేదు. అదీ నాతో పాటే తొక్కుతోంది.

సాయంత్రం సంచికలు వచ్చాయి. ఒకటి బుట్టలో పెట్టాను.

ఆగస్టు 1, శుక్రవారం

ఐదింటికి మెలకువ వచ్చింది. అలారం పెట్టలేదు. నాకేం పని ఇంత పొద్దున అనుకుంటూనే సెల్లార్‌లోకి దిగాను. కేదార్ టార్చ్ పట్టుకుని ముందే అక్కడున్నాడు, పంపు చేతిలో. "శుక్రవారం కదా?" అన్నాను. "ఇప్పుడు రోజూ తిరుగుతోంది, వారానికోసారి సరిపోదు," అన్నాడు.

ఆరింటికి మైత్రీవనం సిగ్నల్ దగ్గర ఎర్రలైటు. చల్లని గాలేమీ లేదు. ముందున్న సిటీ బస్సు పొగంతా నా మొహం మీదే. దగ్గుతూ ఒక కాలు నేలకానించి నిలబడ్డాను. ఆఫీసు తెరవడానికి ఇంకా మూడు గంటలు.

పక్కన బెల్లు మోగింది. నీలం సైకిల్, నిండా సంచి, నెత్తిన హెల్మెట్, కింద కొప్పు.

బుట్టలోంచి సంచిక తీసి ఆమెకిచ్చాను. బరువైన హ్యాండిల్ ఒక చేత్తో ఆపుకుంటూ చూసింది. కవర్ మీద తన మొహం వైపు చూడలేదు. వెనక చక్రం వైపు చూసింది. శారీగార్డు మీద వేలు పెట్టి, బోల్టు దగ్గర ఆపింది.

"నా సైకిలే," అంది.

సంచికని కొత్తిమీర కట్టల మీద పెట్టుకుంది. అప్పుడు నన్ను పైనుంచి కింద దాకా చూసింది, బుట్ట, క్యారేజీ, పొగకి నీళ్ళు కారుతున్న కళ్ళు.

"ఇగో బిడ్డా," అంది. "ఇయ్యాల చూసిన నిన్ను, గీ తొవ్వల."

లైటు మారింది. ఆమె ముందు కదిలింది. ఎడమ పక్క ఆగి ఉన్న కారులో తల ఉందేమో ఒకసారి చూసుకుని, నేనూ ఆమె వెనకే తొక్కాను.